గుర్రం పడుకునే చోటు

ఆ మిరప గోతాలు తెచ్చింది నేనే. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. నేను రాసుకునే పుస్తకంలో కూడా ఆ రోజు పేజీలో "ఊక పనికిరాలేదు" అని మాత్రం రాసి ఊరుకున్నాను. ఎందుకు పనికిరాలేదో రాయలేదు. ఆ పుస్తకం మా ఇంట్లో నేను తప్ప ఎవరూ చదవరని తెలిసి కూడా రాయలేకపోయాను.

మా నాయనకు నరసరావుపేటలో జట్కా ఉండేది. రైలు దిగినవాళ్లను కోర్టు దగ్గరికి, ఆసుపత్రికి, చుట్టుపక్కల ఊళ్లకు చేర్చేవాడు. అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు. పెట్రోలు దొరక్క బస్సులు వీపున బొగ్గు పొయ్యి తగిలించుకుని ఆ గ్యాసుతో నడిచేవి, సగం దారిలో ఆగిపోయేవి. అందుకని జట్కాలకు గిరాకీ బాగానే ఉండేది. నాయన, అమ్మ, నాయనమ్మ, నేను, నలుగురం ఒక్క ఆడగుర్రం మీద బతుకుతున్నాం. నాకు పదిహేడేళ్లు. మిషన్ బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివి మానేశాను. కొత్తవాళ్లు గుమ్మంలోకి వస్తే తలుపు వెనక్కి పోయేదాన్ని. బెల్లం కట్టి ఇచ్చిన కాగితం ముక్క దొరికినా రెండువైపులా చదివేదాన్ని.

ఆ ముందు ఎండాకాలంలో నాయన కొట్టంలో నాపరాళ్లు పరిపించాడు. మాచర్ల వైపు నుంచి బండి మీద తెప్పించాడు. మా పల్నాడులో రాయికి కరువు లేదు. అరుగుకు రాయి, గోడకు రాయి, కొందరి ఇళ్లకు పైకప్పు కూడా రాయే. అయినా మేము పడుకునే గదిది మట్టినేల. నాపరాళ్లు గుర్రానికే వచ్చాయి.

"ఏందిరా, గుర్రానికి బంగళా కట్టావంట!" అని జట్కా స్టాండులో వాళ్లు వెక్కిరిస్తే నాయన మురిసిపోయేవాడు. రోజూ తెల్లవారగానే రెండు కడవల నీళ్లు పోసి, కొబ్బరి చీపురుతో రాళ్లు కడిగేవాడు. అద్దంలా ఉండేవి.

వానాకాలం పోయి చలికాలం వచ్చేసరికి గుర్రం ముందుకాలు ఆచితూచి వేయడం మొదలుపెట్టింది. కొట్టంలో ఒక రకం కంపు. పేడ వాసన కాదు, మూత్రం వాసనా కాదు. చచ్చిన ఎలుక ఎక్కడో ఇరుక్కుందని అమ్మ మూలమూలలా వెతికింది.

లాడాలు కొట్టే సాయిబు తాత వచ్చాడు. ఆయన చిన్నతనంలో గుర్రపు దళంలో పనిచేసి, ముసలితనానికి మా ఊళ్లో స్థిరపడ్డాడు. ఊళ్లో జట్కా గుర్రాలన్నిటికీ ఆయనే లాడాలు కొట్టేవాడు. నాయన ఆయన్ని మామా అనేవాడు.

"మామా, లాడం బిగుసుకుందేమో చూడు. కుంటతంది."

సాయిబు తాత గుర్రం కాలు ఎత్తి మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు. గిట్ట అడుగున మెత్తటి కండ దగ్గర కత్తి మొనతో గీరాడు. నల్లగా, జిగటగా వచ్చింది. దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని, నాయన ముక్కు దగ్గరా పెట్టాడు. ఎలుక దొరికింది.

"లాడం కాదురా. కుళ్లింది. రాయి మీద ఉచ్చ యాడికి పోద్ది? నాపరాయి తాగదు. ఇది రేయింబగళ్లు దాంట్లోనే నిలబడతంది. నీ కాలు నెల రోజులు తడిలో పెట్టు, ఏమవుద్దో."

"రోజూ కడగతానే ఉన్నా గదా మామా!"

"అదేగా నువ్వు చేస్తన్న ఘనకార్యం. ఉన్న తడి చాలక ఇంకా నీళ్లు పోస్తన్నావు. రాళ్లు పీకెయ్."

నాయన ముఖం చిన్నబోయింది. "రాళ్ల జోలికి పోబాకు మామా. ఇంకేదన్నా చెప్పు."

"అయితే కింద తడి పీల్చేది ఏదన్నా పరువు. మందు నేను పూస్తా. నేల పొడిగా లేకపోతే మాత్రం నా మందు కూడా ఏం చెయ్యలేదు." మైలుతుత్తం నూరి, వేపనూనెలో కలిపి గిట్టకు పట్టించి ఆయన వెళ్లిపోయాడు.

పరచాలంటే అందరికీ మొదట తోచేది వరిగడ్డి. కానీ మాది మెట్ట. వరిగడ్డి కృష్ణ కాలవల వైపు నుంచి బండ్ల మీద రావాలి. ఆ ఏడు వానలు సరిగా లేక, వచ్చిన గడ్డి వచ్చినట్టు పశువుల నోటికే పోతోంది. ఎద్దు తినే గడ్డిని గుర్రం మూత్రానికి పరిచామంటే ఊరు నవ్వుతుంది. కొనే శక్తీ మాకు లేదు.

ఈ లోగా వినుకొండ నుంచి గుర్రాల బేరగాడు ఒకాయన వచ్చి, మా గుర్రాన్ని నడిపించి చూశాడు. కుంటి గుర్రానికి ఎంత ఇవ్వాలో అంతే ఇస్తానన్నాడు. నాయన తల వంచుకుని విన్నాడు. "శివరాత్రి దాకా చూస్తా. అప్పటికీ కుంటితే తోలుకుపో," అన్నాడు. కోటప్పకొండ తిరునాళ్ల మా జట్కా వాళ్లకు పంట చేతికొచ్చే రోజు. ఆ రోజుకు గుర్రం కాలు ఆనకపోతే ఇక ఆనేది లేదని ఆయన లెక్క. గుర్రం పోతే చిలకలూరిపేట వెళ్లి పొగాకు పనిలో కూలికి చేరతానని అమ్మతో అన్నాడు. అప్పటికి శివరాత్రి ఇంకా నెలకు పైగా ఉంది.

బియ్యపు మిల్లు వెనక ఊక కుప్పలుగా పడి ఉంటుంది, తీసుకుపొమ్మన్నారు మిల్లువాళ్లు. "గోతాలు నాలుగు చూడవే," అని నాయన నాకు చెప్పాడు. అప్పుడు నేనూ అమ్మా ఒక రైతు కల్లంలో మిరపకాయల తొడిమలు తీసే పనికి పోతున్నాం. అక్కడ ఖాళీ గోతాలు పడి ఉంటే అడిగి, చిరుగు లేనివి నాలుగు ఏరుకున్నాను. దులిపాను కూడా. ఎర్రగా ఉన్నాయి. మా వైపు గోతం అన్నాక ఎర్రగా ఉండడం మామూలే. రోజంతా మిరపకాయల మధ్య కూర్చున్న ముక్కుకు ఇక ఏ ఘాటూ తెలియదు.

నాయన మిల్లుకు పోయి వాటినిండా ఊక తెచ్చి, సాయంత్రం కొట్టంలో పరిచాడు. గుర్రం తల వంచి వాసన చూసింది. మరుక్షణం తల ఎగరేసి తుమ్మింది. ఆ తర్వాత ఆగలేదు. కళ్ల నుంచి నీళ్లు, ముక్కు నుంచి నీళ్లు. నాలుగు కాళ్లతో రాళ్లను దంచడం మొదలుపెట్టింది. దంచిన కొద్దీ దుమ్ము లేచింది. నాయన తుమ్మాడు. గుమ్మంలో ఉన్న నాయనమ్మ తుమ్మింది.

"దిష్టి!" అంది నాయనమ్మ. "ఆ వినుకొండ సచ్చినోడు కళ్లతోనే తాగేసి పోయాడు దీన్ని!"

మేము ఆదివారం ఆదివారం చర్చికి పోయేవాళ్లం. అమ్మ గొంతు తగ్గించి, "పాస్టరుగారికి తెలిస్తే ఏమనుకుంటారు అత్తా?" అంది.

"పాస్టరుగారికి గుర్రం ఉందా ఏంది?" అని, నాయనమ్మ గుప్పెడు ఉప్పు, మూడు ఎండుమిరపకాయలు తెచ్చింది. గుర్రం చుట్టూ తిప్పడానికి అది నిలబడితేగా. నాయన కళ్లెం పట్టుకుంటే దూరం నుంచే తిప్పి, అన్నీ పొయ్యిలో పడేసింది. మిరపకాయలు కాలినా ఘాటు రాకపోతే దిష్టి గట్టిగా తగిలినట్టు. నలుగురం పొయ్యి చుట్టూ నిలబడి పీల్చాం.

"ఘాటొస్తందా?" అంది నాయనమ్మ.

"వస్తంది," అంది అమ్మ, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ.

"ఇది పొయ్యిలోది కాదే, ఇందాకటిది. పొయ్యిలోది రావట్లా."

"ఇందాకటిది ఏంది అత్తా? ఇందాక యాడుంది ఘాటు?"

అప్పుడు తెలిసింది నాకు. అందరూ తుమ్ముతూ పొయ్యిలోకి చూస్తున్నారు, నేను గోతాల వైపు చూశాను. నోరు తెరిస్తే ఒక్క మాటతో అయిపోయేది. ఆ ఒక్క మాట నా నోట రాలేదు.

తెల్లవారి నాయన గుర్రాన్ని బయట కట్టేసి మందు కోసం వెళ్లగానే, ముక్కుకు గుడ్డ కట్టుకుని ఊకంతా ఊడ్చి దిబ్బ మీద పోశాను. గోతాలు కూడా అక్కడే పూడ్చాను. నాయన వచ్చి ఖాళీ రాళ్లు చూసి, "ఊకేదే?" అన్నాడు.

"అది తడి పీల్చట్లా నాయనా," అన్నాను. 

"నీకెట్టా తెలుసు?"

నాకు తెలియదు. అందుకని మర్నాడు కొబ్బరి చిప్పలు ఐదు తెచ్చుకుని పెరట్లో కూర్చున్నాను. చెప్పిన అబద్ధానికి ఏదో ఒక ఆధారం కావాలి. ఒక చిప్పలో మిల్లు నుంచి కొత్తగా తెచ్చిన ఊక గుప్పెడు వేసి, గరిటెడు నీళ్లు పోసి, వంద లెక్కపెట్టి, పల్చటి గుడ్డ అడ్డం పెట్టి ఇంకో చిప్పలోకి వంచాను. పోసిన నీళ్లు దాదాపు పోసినన్నీ వచ్చేశాయి. నా అబద్ధం నిజమే అయింది. ఊక నిజంగానే పీల్చదు!

నాకు గోతాల సంగతి మర్చిపోయేంత ఆశ్చర్యం వేసింది. గడ్డి వంటిదే, పొట్టు వంటిదే, చూడడానికి ఎంత ఎండి ఉంది, నీళ్లెందుకు లోపలికి పోవు? ఊక రేకును ఎండలో పెట్టి చూస్తే గాజులాగా మెరిసింది. గింజను వాన నుంచి కాపాడే చొక్కా కదా అది, తడిస్తే ఎలా? ఇది నా ఊహే, ఎక్కడా చదవలేదు. పుస్తకంలో రాసుకున్నాను.

ఇక ఆగలేదు. వేరుశనగ తొక్కలు, ఏటి ఇసుక, నరికిన జొన్నచొప్ప, కట్టెల అడితిలో అడిగి తెచ్చిన రంపపు పొట్టు, అన్నిటికీ గుప్పెడూ గరిటెడే కొలత. వేరుశనగ తొక్క సగం నీళ్లు వదిలేసింది. పైగా గుర్రం ముందు పెడితే కరకర నమిలింది. జొన్నచొప్ప సంగతి సరే, అది దాని భోజనమే. ఇసుక నీళ్లను దాచుకుంది కానీ, అడుగున వేలు పెడితే చల్లగా, తడిగా అలాగే ఉంది. రంపపు పొట్టు మాత్రం బాగా తాగింది. కానీ ఆ రోజుల్లో పొట్టు పొయ్యిల కోసం అడితి ముందు ఆడవాళ్లు తట్టలతో కూర్చునేవారు. వారానికి ఒక తట్ట దొరికితే గొప్ప.

"ఏమే, బువ్వొండమంటే చిప్పలాట ఆడతన్నావా?" అంది అమ్మ.

"చదువుకున్న పిల్ల గదా, ఉచ్చకు లెక్కలు కడతంది," అంది నాయనమ్మ. "పెళ్లివారొస్తే ఇదే చెబుదాం."

మధ్యాహ్నం స్టేషను పక్కనున్న జట్కా స్టాండుకు నాయనకు అన్నం తీసుకుపోవడం నా పని. గుర్రం కాలుకు మందు రాస్తూ, దగ్గర బాడుగలు మాత్రమే వేస్తున్నాడు అప్పుడు. అంతమంది మగవాళ్ల మధ్య ముఖాలు చూడలేక నేలచూపులు చూసేదాన్ని. అలా చూస్తుంటే ఒక రోజు పక్క జట్కా ముసలి గుర్రం మూత్రం పోసింది. నురగ లేచింది. నాయన రెండో ముద్ద నోట్లో పెట్టుకునేసరికి నురగ లేదు, మడుగు లేదు. ముదురురంగు మరక ఒకటి మిగిలింది.

ఆ గుర్రం ఏళ్ల తరబడి అక్కడే నిలబడుతుంది. కింద దాని లద్దే ఎండి, గిట్టల కింద నలిగి, ముక్కుపొడిలాగా మెత్తగా పరుచుకుని ఉంది. మా గుర్రం నిలబడ్డ చోట నాయన రోజూ శుభ్రంగా ఊడ్చేవాడు. అక్కడ గట్టి నేల మీద చిన్న మడుగు ఇంకా నిలిచే ఉంది.

నాయన చెయ్యి కడుక్కునేలోపు, పొడిగా ఉన్న చోటి నుంచి రెండు గుప్పెళ్లు అన్నం మూట గుడ్డలో వేసుకున్నాను. ఆ గుడ్డను తర్వాత మూడుసార్లు ఉతికాను.

గుప్పెడు పొడి, గరిటెడు నీళ్లు. వంద లెక్కపెట్టి వంచాను. ఏమీ రాలేదు. చిప్పను పూర్తిగా బోర్లించాను. ఒక్క చుక్క కూడా రాలేదు. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఎండిన గడ్డి వాసన, కొంచెం ఉలవల వాసన. గుర్రం తినేది గడ్డే కదా, పళ్లతో అంత సన్నగా నూరి, లోపల అంతసేపు నానబెట్టి మనకు ఇస్తోంది. దాన్నే మేము రోజూ దిబ్బ మీద పారేస్తున్నాం.

రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. మూడో రోజు సాయిబు తాత మందు పూయడానికి వచ్చి, గిట్ట చూసి పెదవి విరిచాడు. "ఎక్కడిది అక్కడే ఉందిరా. నేల ఆరలేదు." నాయన గుర్రం మెడ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. అది చూడలేక, తలుపు వెనక నుంచి వచ్చి, పొడి ఉన్న చిప్ప, నీళ్ల గరిటె సాయిబు తాత ముందు పెట్టాను. నీళ్లు పోసి, బోర్లించి చూపించాను.

ఆయన పొడిని వేళ్లతో నలిపి చూసి, తల వెనక్కి వేసి నవ్వాడు. "అరె, లద్ది! మా దళంలో గుర్రాలన్నీ దీని మీదే పడుకునేయి. ఎండబెట్టి, పొడి చేసి, జానెడు మందం పోసేవాళ్లం. అన్నేళ్లు చేసినోణ్ణి, నాకే గుర్తుకు రాలా చూడు. ఈ పిల్లకు ఎవురు చెప్పారు?"

"ఎవురూ చెప్పలా," అన్నాడు నాయన. ఆయన నవ్వలేదు. "నా గుర్రాన్ని లద్దిలో పడుకోబెట్టాలా మామా? స్టాండులో తలెత్తుకోవద్దా?"

"పచ్చిది వేరు, ఎండింది వేరు. మీ ఆడోళ్లు పేడతో ఇల్లు అలకట్లా? నువ్వు దాని మీద పడుకోవట్లా?"

నాయన వంగి ఆ పొడిని తనూ వేళ్లతో నలిపాడు. "రోజూ ఎవురు ఎండబెడతారు?" అన్నాడు.

"నేను," అన్నాను. బయటి మనిషి ఎదుట నేను గట్టిగా అన్న మొదటి మాట అదేననుకుంటాను.

లద్దిని పెరట్లో గోనెపట్టాల మీద పల్చగా పరిచి, కర్రతో కొట్టి, మళ్లీ తిరగేసేదాన్ని. మా ఎండకు రెండు రోజుల్లో పెళపెళలాడేది. అమ్మ జల్లెడ మాత్రం నా కంటపడకుండా దాచేసింది. గోడ మీదుగా పక్కింటి పెద్దమ్మ తొంగిచూసి, "ఏమే అమ్మాయ్, అప్పుడే వడియాలు పెడతన్నావా?" అంది.

"వడియాలు కాదు పెద్దమ్మా, లద్ది."

ఆవిడ తల మళ్లీ గోడ పైకి రాలేదు.

జానెడు మందం పోయడానికి స్టాండులో మిగతా గుర్రాల లద్ది కూడా తేవలసి వచ్చింది. నాయన సంచిలో కట్టి, ఎవరూ చూడకుండా సీటు కింద పెట్టి తెచ్చేవాడు. పరిచిన మొదటి రెండు రోజులు బాగుంది. మూడో రోజు పొద్దున పైన పొడిగా ఉన్నా, వెనక కాళ్ల దగ్గర తవ్వి చూస్తే అడుగున రాయి మీద బురద. పొడి తాగినంత తాగింది. మిగిలింది పోవడానికి దారి లేదు. నేను నాయనను పిలిచి ఆ గుంట చూపించాను. ఆయన చాలాసేపు గొంతుక్కూర్చుని చూశాడు.

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చి, చొక్కా విప్పి, గడ్డపలుగు తీసుకుని వెనక రెండు వరసల రాళ్లు పెకలించాడు. సాయంత్రానికి మిగతావి కూడా పెకలించాడు. ఒక్కటి కూడా పగలనివ్వలేదు. కింద నేల తవ్వి, గులకరాళ్లు, ఇసుక పోసి తొక్కి, దాని మీద లద్ది పొడి పరిచాం. ఆ రాళ్లే తర్వాత మేము పడుకునే గదిలోకి వచ్చాయి. వేసవిలో వాటి మీద పడుకుంటే ఎంత చల్లగా ఉంటుందో గుర్రానికే ముందు తెలిసిందన్నమాట.

రోజూ పొద్దున తడిసిన పొడి తీసి ఎండబెట్టడం, నిన్నటి ఎండిన పొడి వేయడం. తడిసిందే ఎండితే మళ్లీ పనికొచ్చేది. ఎన్నిసార్లు పనికొస్తుందో చూడాలని ఒక గంపకు గుర్తు పెట్టి రాసుకున్నాను. ఐదోసారికి వాసన మారింది. అది దిబ్బకు పంపాను.

ఒక మధ్యాహ్నం నాయనమ్మ కొట్టం వైపు నుంచి కేకలు పెట్టింది. "గుర్రం పడిపోయిందిరో! అయిపోయిందిరో!"

అందరం పరుగెత్తాం. గుర్రం పక్కకు వాలి, కాళ్లు చాపి, పొట్ట ఎగిరెగిరి పడుతుంటే గురక పెడుతోంది. దాన్ని కొని మూడేళ్లయినా అది పడుకోగా మేమెవరం చూడలేదు. మా కేకలకు కన్ను తెరిచి, మమ్మల్ని చూసి, మళ్లీ మూసుకుంది. నాయన మమ్మల్ని చేత్తోనే బయటికి తరిమాడు. ఆ పూట బాడుగకు కూడా పోలేదు.

శివరాత్రికి రెండు రోజుల ముందు వినుకొండ బేరగాడు వచ్చాడు. సాయిబు తాత కూడా ఉన్నాడు. గులకరాళ్ల బాట మీద గుర్రాన్ని ఆ చివరి నుంచి ఈ చివరికి నడిపించారు, పరుగెత్తించారు. బేరగాడు కాలు ఎత్తి గిట్ట నొక్కి చూశాడు. గుర్రం కదల్లేదు.

"ఇప్పుడైతే రేటు వేరు. చెప్పు, ఎంత కావాలి?" అన్నాడు బేరగాడు.

"తిరునాళ్లకు జట్కా కావాల్నా? చెప్పు, ఎక్కించుకుపోతా," అన్నాడు నాయన.

కోటప్పకొండకు ఆ ఏడు నాయన ఎన్ని విడతలు తిరిగాడో నాకు తెలియదు. గుర్రం మాత్రం నాలుగు కాళ్లూ సమానంగా వేస్తూ ఇంటికొచ్చింది. సాయిబు తాత చివరిసారి లాడాలు మార్చాడు. కృష్ణ అవతల కూతురి ఊరికి వెళ్లిపోతున్నానన్నాడు, మూటాముల్లె సర్దుకున్నాడు. ఆయన మళ్లీ మా ఊరు రాలేదు. రెండేళ్లకు పోయాడని కబురు వచ్చింది.

వెళ్లే ముందు ఆయన కొట్టంలోకి వచ్చి, నేల మీది పొడిని చెప్పు మొనతో కెలికి చూశాడు. అడుగు దాకా పొడిగానే ఉంది. పెరట్లో ఆరబోసిన లద్ది వైపు, ఎండ వైపు చూసి నాతో అన్నాడు:

"వానలు పడకముందే ఇంకో నాలుగు గంపలు ఎండబెట్టి దాచుకో బిడ్డా. ముసురు పట్టినాక ఎండ యాడ దొరుకుద్ది?"